మా కాలేజీ విమానాన్ని పాత ఇనుముకు అమ్మేస్తారట, ఆపే దారి ఉందా?

గంటస్తంభం_నీడ

విజయనగరం జిల్లాలో ఒక చిన్న పట్టణం మాది. పేరు చెప్పను, చెబితే రేపు సాయంత్రానికల్లా మా అరుగు మీద పంచాయితీ. నేను ఇంటర్ చదివిన కాలేజీ గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద వాయుసేన విమానం ఒకటి ఉంది. బోర్డు మీద ‘మిగ్ యుద్ధ విమానం’ అని ఉంటుంది. ఆటోవాళ్లకు ఆ చోటు ‘మిగ్ సెంటరు’. పెళ్లి శుభలేఖల్లో కూడా ‘మిగ్ సెంటరు ఎదురుగా’ అని అచ్చు వేయిస్తారు.

నిన్న చాలా ఏళ్ల తరవాత దగ్గరకు వెళ్లి చూశాను. పైఅద్దం పగిలింది. లోపల గోరింకలు కాపురం పెట్టాయి. ఎడమ రెక్క అడుగున రేకు ఉబ్బి ఉంది, వేలితో నొక్కితే తెల్లటి పొడి రాలింది. తోక మీద ఒక ట్యూషన్ సెంటరు పోస్టరు, దాని మీద ఇంకో ట్యూషన్ సెంటరు పోస్టరు. ఇదంతా ఒక ఎత్తు, వాచ్‌మన్ చెప్పింది ఒక ఎత్తు. వార్షికోత్సవాలకు స్టేజీ కట్టడానికి ఆ చోటు కావాలట. వచ్చే నెల విమానాన్ని వేలం వేస్తారట.

ఎవరికి రాయాలి? ఏం చెయ్యాలి? లేక నాకే పిచ్చా?

పాత_ఇనుము_కొట్టు

వేలం ఏ తేదీన? నవ్వకండి, మాది రాజాంలో తుక్కు వ్యాపారం, నిజంగానే అడుగుతున్నాను.

ఆమదాలవలస_ప్యాసింజర్

ఊరి పేరు దాచినా లాభం లేదు, నేనూ అక్కడే చదివాను. అమ్మమ్మగారింట్లో ఉండి ఇంటర్ చేశాను. ఆ రెక్క నీడలో తిన్న మరమరాలకు లెక్క లేదు.

రివెట్ల_సార్జెంట్

ఫోటోలు పెట్టండి. ముక్కుది ఒకటి, కాక్‌పిట్‌ది ఒకటి, రెక్క అడుగుది ఒకటి. వాయుసేనలో ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా చేశాను, అందులో చాలా కాలం హకీంపేటలోనే. రోగి ఎవరో తెలియకుండా మందు చెప్పలేను.

ఆమదాలవలస_ప్యాసింజర్

మిగ్ అని బోర్డే చెబుతుంటే ఇంకా అనుమానం ఎందుకండీ?

రివెట్ల_సార్జెంట్

ఆ బోర్డు రాసినాయన విమానం చూసి రాశాడా, బిల్లు చూసి రాశాడా?

గంటస్తంభం_నీడ

ఫోటోలు పెట్టాను. కాక్‌పిట్‌లో సీట్లు రెండూ పక్కపక్కన ఉన్నాయి. ముక్కు గుండ్రంగా, మొద్దుగా ఉంది.

రివెట్ల_సార్జెంట్

అనుకున్నంతా అయింది. అది మిగ్ కాదు, కిరణ్.

మిగ్-21 అయితే ముక్కు గొట్టంలా తెరుచుకుని ఉంటుంది, మధ్యలో శంకువు పొడుచుకుని వస్తుంది. రెక్కలు త్రికోణాలు. మీ దానికి గాలి పీల్చే నోళ్లు రెండు పక్కలా, రెక్క మొదట్లో ఉన్నాయి. గురువూ శిష్యుడూ పక్కపక్కన కూర్చుని ఎగిరే శిక్షణ విమానం ఇది. బెంగళూరు హెచ్‌ఏఎల్ తయారీ, 1964లో మొదటిసారి ఎగిరింది. మన వాయుసేనలో తరాల తరబడి పైలట్లు జెట్ నడపడం నేర్చుకున్నది దీని మీదే. 1996లో పుట్టిన సూర్యకిరణ్ విన్యాస బృందం 2011 వరకూ ఎగిరింది దీని మార్క్ 2 రకం మీద.

అంటే మీ ఊరివాళ్లు ఇన్నేళ్లూ బడిపంతులుని పట్టుకుని వస్తాదు కోడి రామ్మూర్తి అని పిలుస్తున్నారు.

బొబ్బిలి_తంత్రి

సార్జెంట్ గారూ, కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసినవారే. కాబట్టి ఊరివాళ్లు పూర్తిగా తప్పు కాదు.

ఆమదాలవలస_ప్యాసింజర్

ఇక శుభలేఖలన్నీ మళ్లీ అచ్చు వేయించాలి. ‘కిరణ్ సెంటరు’ అంటే సెల్‌ఫోన్ దుకాణం అనుకుంటారు.

లెక్కల_మాస్టారు

నాది వేరే మాట. కోపం తెచ్చుకోకండి. నేను పనిచేసే బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేక రెండేళ్లు అర్జీలు పెట్టాం. అలాంటి చోట ఎగరని విమానానికి క్రేను, రంగు, షెడ్డు అంటే మనసొప్పదు. ఏడాదంతా ఎవరూ అటు చూడరు, అమ్ముతామనగానే అందరికీ ప్రేమ పుట్టుకొస్తుంది. ఆ అమ్మిన డబ్బుతో కాలేజీకి నాలుగు కంప్యూటర్లు కొనుక్కోవచ్చు కదా?

పాత_ఇనుము_కొట్టు

మాస్టారూ, నాలుగు కంప్యూటర్లు రావు. కొనేవాడిని నేనే కాబట్టి నిజం చెబుతాను. కిరణ్ ఖాళీ బరువు రెండున్నర టన్నులని ఇంటర్నెట్లో చూశాను. అది ఇంజనుతో కలిపి. ఇలా ఇచ్చేవాటికి ఇంజను చాలావరకు ముందే తీసేస్తారు. మిగిలిన రేకు కల్తీ లేని అల్యూమినియం కాదు, రాగీ జింకూ కలిసిన మిశ్రమం. వంటపాత్రల అల్యూమినియానికి వచ్చే రేటు దీనికి రాదు. వేల సంఖ్యలో రివెట్లు, ఉక్కు బోల్టులు, వైర్లు, రబ్బరు, వాటిని వేరు చేసే కూలీ నా నెత్తి మీద. బూడితి కంచరివాళ్లకు పోద్దామా అంటే వాళ్లకు కావలసింది రాగి, తగరం, జింకు, ఈ సరుకు వాళ్ల మూసలోకి రాదు.

అన్నీ పోగా మీకు మిగిలేది స్టేజీకి వేసే షామియానా అద్దె.

లెక్కల_మాస్టారు

సరే, కంప్యూటర్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. తలుపు మాట తీసుకోను.

వంశధార_గట్టు

తుక్కు అని తేల్చేసినదాని సంగతి ఒకటి చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కాన్పూరులో లిబరేటర్ బాంబర్లు గుట్టలుగా మిగిలాయి. నాలుగు ఇంజన్ల అమెరికా విమానాలు. మళ్లీ ఎవరూ వాడకుండా కావాలనే పాడుచేసి వదిలి వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చాక మన హెచ్‌ఏఎల్ వాళ్లు ఆ శవాల్లోంచే ఒకదాని కాలు ఒకదానికి, ఒకదాని చెయ్యి ఒకదానికి అతికించి, ఎగిరేలా చేసి బెంగళూరు తీసుకెళ్లి బాగుచేశారు. నలభై దాకా లేచి నిలబడ్డాయి. మన వాయుసేన వాటిని 1968 వరకూ నడిపింది. అప్పటికి ప్రపంచంలో ఇంకే వాయుసేనా లిబరేటర్లు నడపడం లేదు.

తరవాత తమాషా చూడండి. లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్న లిబరేటర్ మన దగ్గరి నుంచి వెళ్లినదే. అమెరికాలో టూసాన్ మ్యూజియంలోదీ మనదే. అమెరికాలో మళ్లీ గాలిలోకి లేపిన ఒకటి కూడా ఇక్కడ తుక్కుగా పడి ఉన్నదే. పాడుచేసినవాళ్లే వచ్చి దండం పెట్టి పట్టుకెళ్లారు.

ఆమదాలవలస_ప్యాసింజర్

మా అత్తగారు నా పాత స్కూటరు గురించి ఇదే అంటారు. ఏదో ఒకరోజు లండన్ వాళ్లు వస్తారట.

కోరుకొండ_పూర్వవిద్యార్థి

మాస్టారు గారికి ఒక చిన్న జవాబు. పిల్లవాడు విమానాన్ని చేత్తో తాకడం వేరు, బొమ్మలో చూడడం వేరు. నేను అలా తాకే పైలట్ కావాలని నిర్ణయించుకున్నాను. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నానన్నది నిజమే. కంటి పరీక్షలో పోయింది.

ఇక పనికొచ్చే మాట. సేవ ముగిసిన విమానం కావాలంటే సంస్థ తరఫున వాయుసేన ప్రధాన కార్యాలయానికి అర్జీ పెట్టుకోవాలి. తరలించే ఖర్చు, నిలబెట్టే ఖర్చు, ఆ తరవాత చూసుకునే ఖర్చు తీసుకున్నవారివే. ఇచ్చేటప్పుడు ఒక ఉత్తరం వస్తుంది, షరతులన్నీ అందులో ఉంటాయి. మీ ప్రిన్సిపాల్ బీరువాలో ఆ ఉత్తరం ఉండి తీరాలి. వేలం సంగతి మాట్లాడే ముందు అది వెతకండి. అమ్మే హక్కు కాలేజీకి ఉందో లేదో అందులోనే తేలిపోతుంది.

బొబ్బిలి_తంత్రి

అమ్మకం అంటే గుర్తొచ్చింది. ఉత్తరాదిలో ఒక విశ్వవిద్యాలయానికి వాయుసేన ఇచ్చిన మిగ్-23ని 2020లో ఎవరో ఆకతాయి ఓఎల్ఎక్స్‌లో అమ్మకానికి పెట్టాడు. ధర 9.99 కోట్లు. పది కోట్లు అంటే ఖరీదనుకుంటారని కాబోలు, చెప్పుల దుకాణం లెక్క!

రివెట్ల_సార్జెంట్

ఇప్పుడు ఆ ఉబ్బు సంగతి. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

ఇనుముకు తుప్పు పడితే ఎర్రగా కనబడి హెచ్చరిస్తుంది. విమానం రేకు అలా కాదు. బలం కోసం అల్యూమినియంలో రాగి కలుపుతారు, తరవాత ఆ రాగే దాని కొంప ముంచుతుంది. తడీ ఉప్పూ దొరికితే రేకు లోపలి నుంచి పొరలు పొరలుగా విడిపోతుంది, మడతకాజా లాగా. మీ వేలికి అంటిన తెల్లపొడి అదే. పక్కన ఉక్కు బోల్టు ఉంటే మరీ తొందర. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి తగిలితే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో కరిగిపోయేది అల్యూమినియం. పక్షి రెట్ట కూడా తక్కువది కాదు, రంగును తినేసి రేకు దాకా వెళుతుంది.

అయితే వానను తిట్టకండి. ఎగిరే రోజుల్లోనూ వాన పడింది. విమానం పొట్ట కింద, రెక్కల అడుగున చిన్న చిన్న చిల్లులు ఉంటాయి, లోపల చేరిన నీరు కారిపోవడానికి. మీ కాలేజీలో ఆగస్టు 15కి ఒకసారి, జనవరి 26కి ఒకసారి వెండిరంగు ఎనామిల్ కొట్టించి ఉంటారు. అవునా? ఆ రంగు మొదట మూసేది ఆ చిల్లులనే. ఆనాటి నుంచి అది విమానం కాదు, రెక్కలున్న నీళ్లతొట్టి.

గంటస్తంభం_నీడ

అవును. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఎన్‌సీసీలో ఉండగా రెండేళ్లు ఆ రంగు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పొట్ట కింద పడుకుని వేసింది నేనే. ‘చిల్లులు కనబడకుండా దట్టంగా వెయ్యి’ అంటే వేశాను.

లెక్కల_మాస్టారు

హంతకుడు దొరికాడు. ఇంక చర్చ ముగించవచ్చు.

జీడితోట_పలాస

ముగించకండి, గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీదుగా వెళ్లింది. తాతల నాటి జీడిచెట్లు వేళ్లతో సహా పడుకున్నాయి. రేకుల కప్పులు పక్క ఊళ్లో దొరికాయి. చెట్టుకు రెక్క లేదు, విమానానికి ఉంది. దాన్ని చేసిందే గాలికి లేవడానికి. పైగా దిమ్మ ఎక్కించి ముక్కు పైకెత్తి పెడతారు, ఎగురుతున్నట్టు కనబడాలని. తుపాను రోజున నిజంగానే ఎగిరితే కాలేజీ గేటు ముందు ఎవరుంటారో?

రివెట్ల_సార్జెంట్

ఇది అసలైన ప్రశ్న. దిమ్మలోంచి వచ్చే ఇనుప స్తంభం విమానానికి ఎక్కడ అతికిందో చూడాలి. రెక్కల మధ్య ప్రధాన దూలానికి పట్టించి ఉంటే మంచిది. ఉత్త పొట్ట రేకుకు బిగించి ఉంటే మాత్రం స్టేజీ కట్టినా కట్టకపోయినా దించాల్సిందే. దించాక చక్రాల మీద నిలబెట్టకండి, టైర్లు ఒకవైపే అణిగి చీలిపోతాయి. ఉక్కు స్టాండ్ల మీద ఎత్తి, మూడు చోట్ల భూమిలోకి కట్టేస్తే చాలు. కింద ఉన్న విమానాన్ని తుడవడం కూడా సులువు. నన్నడిగితే దిమ్మ ఎక్కించడమే మొదటి తప్పు. ఎత్తు మీద ఉన్నదాన్ని ఎవరూ తుడవరు, దూరం నుంచి దండం పెట్టి వెళ్లిపోతారు.

వంశధార_గట్టు

మరి విశాఖ ఆర్‌కే బీచ్‌లో టీయూ-142 విమానం సముద్రం ఎదురుగానే ఉంది కదా? ఉప్పుగాలి అంటే అంతకంటే ఎక్కడుంది?

రివెట్ల_సార్జెంట్

ఉంది. దాని వెనక టికెట్టు డబ్బులూ, జీతం తీసుకుని తుడిచే మనుషులూ ఉన్నారు. 1988 నుంచి 2017 వరకూ నౌకాదళంలో పనిచేసిన విమానం. విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ముక్కలుగా విప్పి, బీచ్‌కు మోసుకొచ్చి, మళ్లీ బిగించి, అదే ఏడాది డిసెంబరులో మ్యూజియంగా ప్రారంభించారు. ఎదురుగా కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఒడ్డునే ఉంది. ఇంటిల్లిపాదీ టికెట్టు కొని లోపలికి వెళ్లి వస్తారు. జనం వచ్చేదానికి సున్నం ఆగదు, అంతే.

అందరికన్నా తెలివైనవాళ్లు అమెరికావాళ్లు. అరిజోనా ఎడారిలో, టూసాన్ దగ్గర, వేల విమానాలను ఆరుబయటే వరసగా నిలబెట్టారు. అక్కడ వాన తక్కువ, గాలిలో తేమ తక్కువ, నేల రాయిలా గట్టిగా ఉంటుంది కాబట్టి సిమెంటు కూడా పోయనక్కరలేదు. మనకు ఆ భాగ్యం లేదు. మన దగ్గర చెట్టుకు వేలాడదీసిన చొక్కాయే ఆరదు.

బొబ్బిలి_తంత్రి

ఎంత పెద్దదైనా డబ్బు లేకపోతే గతి ఒకటే. పాత విక్రాంత్ విమానవాహక నౌక ముంబయిలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉండి, 2014లో తుక్కు కింద పోయింది. ఆ ఇనుములో కొంత కరిగించి మోటారు సైకిళ్లలో వాడారు. అలాంటి ఇంకో నౌక విరాట్‌ను విశాఖ తెచ్చి మ్యూజియం చేద్దామని మన రాష్ట్రంలోనూ ఆలోచన నడిచింది. చివరికి 2020లో 38.54 కోట్లకు గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకు చేరింది.

జీడితోట_పలాస

మా తమ్ముడి దగ్గర ఆ బండి ఉంది. ట్యాంకు మీద విక్రాంత్ పేరు చూపించి కట్నం మాటల్లో వెయ్యి లాగబోయాడు. పిల్ల తండ్రి నౌకాదళంలో రిటైరైనవాడు, మాట్లాడకుండా మంచినీళ్లిచ్చి పంపించాడు.

గంటస్తంభం_నీడ

ఇంకో సందేహం. కాలేజీ కుర్రాళ్లు దిమ్మ ఎక్కి ఆ సీట్లలో కూర్చుని ఫోటోలు దిగుతున్నారు. ఏమైనా ప్రమాదమా?

రివెట్ల_సార్జెంట్

దింపండి. అవి ఎజెక్షన్ సీట్లు, పేలుడు తూటాలతో మనిషిని బయటికి విసిరేసేవి. ఇచ్చే ముందు ఆ తూటాలు తీసేస్తారు, తీసేసి ఉంటారనే నమ్మకం. కానీ నమ్మకం మీద నేను ఏనాడూ ఆ సీటులో కూర్చోలేదు, సీటు పేలకుండా ఆపే ఎర్రటి పిన్నులు లెక్కపెట్టుకున్నాకే కూర్చున్నాను. నలుపూ పసుపూ చారల పిడి కనబడితే ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఇంకో మాట, పాత విమానాల గడియారాల్లో అంకెలకు రేడియం రంగు పూసినవి ఉంటాయి. అద్దం పగిలి ఉంటే ఆ పొడి జోలికి వెళ్లవద్దు.

పాత_ఇనుము_కొట్టు

సార్జెంట్ గారూ, ఇప్పుడు నాకు చెమటలు పడుతున్నాయి. మా నాన్న కాలంలో ఏదో తుక్కు లాటులో విమానం గడియారం ఒకటి వచ్చింది. అమ్మబుద్ధి కాలేదు, గల్లాపెట్టె మీద పెట్టుకున్నాను. రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. చిన్నప్పుడు చీకట్లో అంకెలు వెలిగేవి, ఇప్పుడు వెలగడం లేదు. అంటే రేడియం అయిపోయినట్టేనా?

రివెట్ల_సార్జెంట్

కాదు. వెలిగే రంగు చచ్చిపోయింది, రేడియం బతికే ఉంది. అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అద్దం బిగువుగా ఉంటే పెద్ద భయం లేదు. మూత మాత్రం విప్పవద్దు, నాలుగు నిమిషాలు సరిచేద్దామని అసలే విప్పవద్దు.

పాత_ఇనుము_కొట్టు

గల్లాపెట్టె మీంచి తీసి గోడ మీద పెట్టాను. వెనకబడినా పరవాలేదు, కొట్టు కూడా అంతే.

గంటస్తంభం_నీడ

వారం తరవాత వస్తున్నాను. కోరుకొండ గారు చెప్పినట్టే ప్రిన్సిపాల్ గదిలో ఫైలు వెతికించాం. దొరికింది, చెదలు అంచు తిన్నాయి కానీ అక్షరాలు ఉన్నాయి. ‘ప్రదర్శనకు మాత్రమే. ముందస్తు అనుమతి లేనిదే అమ్మరాదు, ఇతరులకు ఇవ్వరాదు.’ విమానం పేరు కూడా అందులో కిరణ్ అనే ఉంది! బోర్డు రాయించినవాళ్లు ఆ ఉత్తరం తెరవలేదన్నమాట. వేలం ఆగింది. స్టేజీ మాత్రం ఆగలేదు, విమానాన్ని గ్రంథాలయం వెనక్కి జరపాలంటున్నారు. క్రేను డబ్బు ఎవరిదన్నది తేలలేదు.

కోరుకొండ_పూర్వవిద్యార్థి

వెనక్కి జరిపితే మంచిదే. అక్కడ మధ్యాహ్నం తరవాత నీడ ఉంటుంది కదా?

లెక్కల_మాస్టారు

క్రేనుకు నా వంతు వెయ్యి రూపాయలు రాసుకోండి. తలుపు వచ్చేసింది, దాతలెవరో ఇచ్చారు. ఇంక నాకు వాదించే కారణం లేదు.

గంటస్తంభం_నీడ

ఆదివారం ఆరుగురం వెళ్లాం. సార్జెంట్ గారు శ్రీకాకుళం నుంచి తెల్లవారుజాము బస్సుకే వచ్చేశారు. చేతిలో ఒక సైకిలు పుల్ల, ఒక ప్లాస్టిక్ గరిటె. ఇనుప గరిటె తెచ్చిన కుర్రాడికి అక్కడే క్లాసు పీకారు. పొట్ట కింద పడుకుని, వేళ్లతో తడిమి, రంగు కింద గుంటలా తగిలిన చోట పుల్లతో పొడిచారు. మొదట ఏమీ రాలేదు. రెండోసారి పొడవగానే నల్లటి నీరు ధారగా ఆయన మోచేతి మీదుగా చొక్కాలోకి పోయింది. తిట్టుకుంటారనుకున్నాం. ‘బకెట్టు పెట్టండ్రా’ అని కేకేశారు. ఒకటిన్నర బకెట్లు నిండాయి. తోక మీద పోస్టర్లు నానబెట్టి తీస్తే పాత రంగు కింద ‘యు’ అక్షరం, దాని పక్కన మొదటి రెండంకెలు కనబడ్డాయి. మిగతావి రేపు.

రివెట్ల_సార్జెంట్

చివరి అంకెలు గీకకండి. తడిగుడ్డతో, మెల్లగా. ఆ సంఖ్య తెలిస్తే అది ఎక్కడెక్కడ పనిచేసిందో పట్టుకోవచ్చు. నా చేతుల మీదుగా వెళ్లిందేమో కూడా.

గంటస్తంభం_నీడ

గాలి పీల్చే గొట్టంలో గోరింక గూళ్లతో పాటు బోలెడు చీటీలు దొరికాయి. పరీక్షల రోజు గేటు దగ్గర తనిఖీకి భయపడి అందులో పడేసినవి. ఒకటి ఇంకా చదవడానికి వీలుగా ఉంది. ద్విపద సిద్ధాంతం. ఫోటో పెట్టాను.

లెక్కల_మాస్టారు

మూడో పంక్తిలో గుర్తు తప్పు. ఎవరోగానీ ఆ ఏడాది తప్పి ఉంటాడు.

ఆమదాలవలస_ప్యాసింజర్

పాసయ్యాను మాస్టారూ. నలభై రెండు మార్కులు.